నిప్పురవ్వ వేళ తప్పితే

వాన కోసం ఆకాశం వంక చూసే కడప జిల్లాలో ఇప్పుడు పడవలు తిరిగేంత నీరుంది. జమ్మలమడుగు దగ్గర పెన్న మీద మైలవరం, గండికోట జలాశయాలు. పులివెందుల వైపు పార్నపల్లె దగ్గర చిత్రావతి రిజర్వాయరు. ఒక్క గండికోట సామర్థ్యమే 26.85 టీఎంసీలు. నీళ్లున్న చోటికి పడవ, పడవ వెనుకకు మోటారు రాక తప్పదు.

పడవ వెనుక చెక్కకు బిగించే ఈ ఔట్‌బోర్డ్ మోటారును జనంలోకి తెచ్చినవాడు ఓలె ఎవిన్‌రూడ్. నార్వేలో పుట్టి అమెరికాలోని విస్కాన్సిన్‌లో పెరిగాడు. 1909లో అమ్మకానికి పెట్టిన అతని మోటారు శక్తి ఒకటిన్నర హార్స్‌పవరే. అంతకు ఏడేళ్ల ముందే జర్మనీలో బాష్ కంపెనీ ఇంజనీరు గాట్‌లోబ్ హోనోల్డ్ హైవోల్టేజి మ్యాగ్నెటోను తయారుచేశాడు. బ్యాటరీ అక్కర్లేకుండా అయస్కాంతం తిరిగితే చాలు, ప్లగ్గులో రవ్వ పుడుతుంది. తర్వాతి కాలంలో ఆ అయస్కాంతాలు ఫ్లైవీల్‌లోకే చేరాయి. తాడు లాగితే ఇంజనూ తిరుగుతుంది, రవ్వా పుడుతుంది.

ఆ రవ్వకు వేళ ఉంది. పెట్రోలు ఆవిరి అంటుకుని మండడానికి కాస్త వ్యవధి కావాలి కనుక పిస్టన్ పైకొసను ఇంకా చేరకముందే రవ్వ పడాలి. నిమిషానికి 5000 చుట్లు తిరిగే ఇంజన్లో ఒక చుట్టుకు పట్టేది సెకనులో వెయ్యో వంతులు పన్నెండు. అంత వేగంలో వేళను కాపాడే బాధ్యత పాత మోటార్లలో రెండు చిన్న లోహపు బిళ్లలది. మన మెకానిక్కులు సీబీ (కాంటాక్ట్ బ్రేకర్) పాయింట్లు అనేది వాటినే. అవి విడిపోయిన క్షణానే రవ్వ పడుతుంది.

జబ్బు మొదలయ్యేది అక్కడే. తిరిగే క్యామ్‌ను రాసుకుంటూ పాయింట్లను విడదీసే ఫైబర్ మడమ ఏళ్ల మీద అరుగుతుంది. అది అరిగిన కొద్దీ పాయింట్ల మధ్య సందు తగ్గుతుంది. అవి ఆలస్యంగా విడివడతాయి. రవ్వ వెనకబడుతుంది, బలమూ తగ్గుతుంది. పడవ కదలడానికి బద్ధకిస్తుంది, ఇంజను వేడెక్కుతుంది. సందు మరీ ఎక్కువైతే కథ తిరగబడుతుంది: రవ్వ ముందే పడి, లాగుతున్న తాడు చేతిని వెనక్కి గుంజుతుంది. అలాగే నడిపితే పిస్టన్ తలకే చిల్లు పడవచ్చు.

చాలామంది ముందుగా కార్బురేటర్ స్క్రూ మీద చేయి వేస్తారు. అది తప్పు వరస. సందు, రవ్వ వేళ (టైమింగు) వేర్వేరు సంగతులు కావు. ఫీలర్ గేజ్‌తో సందు సరిచేయకుండా టైమింగు చూడటం వృథా. పాత ఎవిన్‌రూడ్, జాన్సన్ మోటార్లు చాలావాటికి ఆ సందు అంగుళంలో వెయ్యో వంతులు ఇరవై, అంటే అర మిల్లీమీటరు. రెండు సిలిండర్లుంటే రెండు జతల పాయింట్లూ సమానంగా ఉండాలి. లేకుంటే ఒకటి ముందు, ఒకటి వెనుక మండి మోటారు వణుకుతుంది.

సందు బాగున్నా వేళ కుదరకపోతే ఫ్లైవీల్‌ను పుల్లర్‌తో విప్పి, దాన్ని షాఫ్టు మీద కదలకుండా నిలిపే కీ చూడాలి. సుత్తితో కొట్టకూడదు. నట్టు వదులై ఆ మెత్తటి కీ కాస్త నలిగినా ఫ్లైవీల్ పక్కకు జరుగుతుంది, టైమింగు గుర్తులన్నీ అబద్ధం చెబుతాయి. పాయింట్లు పదేపదే కాలుతుంటే కండెన్సర్‌ను అనుమానించాలి. ఔట్‌బోర్డుకే ప్రత్యేకమైనది మరొకటుంది: చాలా పాత మోడళ్లలో హ్యాండిల్ తిప్పితే కాయిల్, పాయింట్లు ఉన్న ప్లేటే తిరిగి రవ్వను ముందుకు జరుపుతుంది, దాని అంచే కార్బురేటర్‌ను తెరుస్తుంది. ఆ లంకె అరిగితే పెట్రోలు అందినా రవ్వ వెనకే ఉండిపోతుంది.

సరిచేశాక మోటారును ఉత్తగా నడపకూడదు. నీళ్ల డ్రమ్ములో దించే స్టార్ట్ చేయాలి. లేకుంటే చల్లబరిచే పంపులోని రబ్బరు రెక్కలు కాలిపోతాయి.

ప్రొద్దుటూరు పాత మెకానిక్కులకు ఈ విద్య కొత్తదేమీ కాదు. 1972లో వచ్చిన లూనా మోపెడ్‌లో, 1980లో వచ్చిన టీవీఎస్ 50లో ఉన్నది ఇదే ఫ్లైవీల్, ఇవే పాయింట్లు. పాయింట్లు లేని సీడీఐ అనే ఎలక్ట్రానిక్ పద్ధతి వచ్చాక ఆ పని తగ్గింది, తెలిసిన చేతులూ తగ్గుతున్నాయి. అందుకే పాత మోటారును తుక్కు కింద తూకానికి వేసేముందు, లూనాలు బాగుచేసిన పెద్ద మేస్త్రీ ఒకరికి దాన్ని చూపించండి.