భయానక చిత్రమునకు ట్రెయిలరు



చలనచిత్రము విడుదల యగుటకు ముందు, దాని రాకను ప్రజలకు తెలుపుటకై రెండు నిమిషముల చిన్న చిత్రమొకటి వెలువడును. దానినే ట్రెయిలరు అందురు. ఆంగ్లమున ఆ మాటకు వెనుక వచ్చునది అని యర్థము. తొలిదినములలో దానిని అసలు చిత్రము ముగిసిన పిమ్మట చూపెడివారు. ఆట కాగానే జనులు లేచిపోవుచుండుటచే దానిని ముందునకు జరిపిరి. పేరు మాత్రము మారలేదు. మన గోదావరి సీమలో ఒకప్పుడు ఈ పనిని మైకు కట్టిన బండియు, రంగురంగుల కరపత్రములును చేసెడివి. "నేడే చూడండి" యను కేక వినగానే పిల్లలు వీథులలోనికి పరుగెత్తెడివారు.

1934వ సంవత్సరపు "లవకుశ"కు దర్శకత్వము వహించిన సి. పుల్లయ్యగారి యూరు మా కాకినాడ. నేడు ఇచ్చటి యువకులు కొందరు సెల్‌ఫోనుతోనే చిత్రములు తీయ నుత్సహించుచున్నారు. వారిలో పలువురు ఎన్నుకొనునది భయానక కథయే. ఏలయన, దానికి పెద్ద నటులు గాని, గొప్ప కట్టడములు గాని అక్కరలేదు. కాని పేరులేనివాని చిత్రమును చూడుడని జనులకు చెప్పువారెవరు? ట్రెయిలరొక్కటే. అది చెడినచో ఏడాది శ్రమయు చెడును. కావున ఈ విద్యలోని కీలకములను గూర్చి నాకు తోచినంతవరకు విన్నవింతును.

భయమును రసముగా విచారించుట మనకు క్రొత్త కాదు. భరతముని నాట్యశాస్త్రమున భయానక రసమును వివరించుచు, భయము పుట్టించు కారణములను విభావములనియు, భయపడినవానియందు కానవచ్చు మార్పులను అనుభావములనియు విభజించెను. వికృతధ్వనులు, శూన్యగృహములు, అరణ్యములు మొదలగునవి విభావములు. కాలుసేతులు వణకుట, గగుర్పాటు, ముఖవర్ణము మారుట, గొంతు తప్పుట అనుభావములు. నేను చెప్పదలచిన ముఖ్యవిషయము ఈ విభజనయందే యున్నది. ట్రెయిలరున అనుభావమును చూపవలెను. భయమునకు మూలకారణమును దాచవలెను. ప్రేక్షకుడు టిక్కెట్టు కొనునది ఆ దాచినదానిని చూచుటకే గదా!

పరదేశపు నిదర్శనములు మూడింటిని చూతము. 1960లో ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ "సైకో" చిత్రమునకు ఆరు నిమిషములకు మించిన ట్రెయిలరు చేసెను. అందు ఆయనయే కథాస్థలమగు హోటలును, దాని ప్రక్కనున్న యింటిని, ఊరు చూపువానివలె నవ్వు మొగముతో త్రిప్పి చూపును. ఘోరమును వర్ణింపబోయి మాట మధ్యలోనే ఆపివేయును. తుదకు స్నానగృహపు తెర తొలగించగానే ఒక స్త్రీ కేక వినబడును; అంతే. 1980 నాటి "షైనింగ్" ట్రెయిలరున ఒకే దృశ్యము: మూసియున్న లిఫ్టు తలుపులు, వాని నుండి వెల్లువయై దుముకు నెత్తురు. మనుష్యుడు లేడు, మాట లేదు, కారణము అసలే లేదు. ఇక "పారానార్మల్ యాక్టివిటీ" యను చిత్రమును ఓరెన్ పెలీ తన యింటిలోనే సుమారు 15,000 డాలర్లతో తీసెను. 2009లో దాని ట్రెయిలరున, చీకటిహాలులో ఆ చిత్రమును చూచుచు ఉలికిపడు ప్రేక్షకుల ముఖములను చూపిరి. అనుభావమునకు ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణము దొరకదు. పేదచిత్రమునకు ఇంతకంటె మంచి ఉపాయమును లేదు.

ఈ సూత్రమును మన గడ్డమీద ప్రయోగించి చూతము. కాకినాడ ప్రక్కనే కోరింగ మడ అడవులు కలవు. బురదలోనుండి పైకి పొడుచుకొని వచ్చిన ఊపిరివేళ్లు, రాత్రివేళ చేపలకై తిరుగు బావురుపిల్లులు, ఆటుపోట్లకు పెరిగి తరుగు కాలువలు — విభావములకు కొరత లేదు. ఒక కథ కల్పింతము. తెల్లవారుజామున నలుగురు జాలరులు నావలో అడవిలోనికి పోయిరి. సాయంకాలము నావ తిరిగి వచ్చుచున్నది. గట్టున లాంతరు పట్టుకొని ఒక ముసలమ్మ నావలోనివారిని లెక్కించుచున్నది: ఒకటి, రెండు, మూడు, నాలుగు... ఆమె పెదవులు అయిదవ అంకెకై కదలినవి, గొంతు రాలేదు. లాంతరు వణకినది. ఇచ్చట దృశ్యమును త్రుంచి చిత్రము పేరు వేయవలెను. నావను చూపరాదు. తెలివి చాలనివాడు ఆ యైదవవాని ముఖమును, కోరలను చూపి, పెద్ద శబ్దము చేయును. చూచినవాడు క్షణము ఉలికిపడి, మరుక్షణము మరచిపోవును. లెక్క తేలనివాడు మాత్రము ఇంటికి పోయిన పిమ్మటను లెక్కించుచునే యుండును.

కన్నుకంటె చెవి త్వరగా భయపడును. అయినను ఎడతెగని మ్రోత భయము గొలుపదు, విసుగు పుట్టించును. శబ్దమునకు బలము దానికి ముందున్న నిశ్శబ్దమువలన వచ్చును. పై కథలో తెడ్డు చప్పుడు, కప్పల బెకబెకలు వినిపించుచుండి, నాలుగవ అంకెతో అన్నియు ఒక్కసారిగా ఆగవలెను. అప్పుడు సంగీతము అక్కరలేదు. శూన్యమునకును ఇట్టి బలమే కలదు. 1992లో రాంగోపాల్ వర్మ తీసిన "రాత్రి" యందు, జనులతో నిండిన సినిమాహాలు నాయికకు నిర్మానుష్యముగా కనిపించు ఘట్టము అందులకు సాక్షి.

కూర్పు విషయము. మొదట నిత్యజీవితము చూపుడు: వల, చద్దియన్నము, పరిహాసము. అది నమ్మకము కలిగించును. పిమ్మట చిన్న వింత యొకటి. అటుపై దృశ్యముల నిడివి క్రమముగా తగ్గుచు, ఊపిరి వేగమువలె పరుగెత్తవలెను. కథలో మొదటిభాగము దాటి దృశ్యములు తీసికొనకుండుట మేలు. పేరు పడిన తరువాత ఒక్క ఉలికిపాటు వాడుక యైనది. కాని అందరును చేయుటచే ప్రేక్షకుడు దానికి సిద్ధమై కూర్చుండును. అచ్చట మౌనమే యాతనిని ఎక్కువగా కలవరపెట్టును.

చివరిమాట ధర్మమును గూర్చినది. భయానక చిత్రమునకు వచ్చువాడు భయమును కోరి వచ్చును. ట్రెయిలరు చూచువాడు మరియొక చిత్రమునకు, పిల్లలతో వచ్చియుండును. అందులకే హాలులో చూపు ట్రెయిలరునకుగూడ సెన్సారు మండలి ధ్రువపత్రము కావలెను. చేతిలోని ఫోనున ఆ పత్రము నడుగువారుండరు. తీసినవాని వివేకమే కావలి. చిత్రములో లేని భయమును ట్రెయిలరున చూపుటయు అట్టి దోషమే. పెద్ద సంస్థ ఒకమారు మోసగించినను జనులు మరల పోవుదురు. క్రొత్తవానిని మాత్రము రెండవమారు నమ్మరు. కావున మీ కథలో నిజముగా నున్న భయమునే యెన్నుకొనుడు. దానిని గుప్పిట మూసి, గుప్పిట వణకుటను మాత్రము చూపుడు.