రీల్స్‌లో మెరిసే పగడాలు మీ ట్యాంకులో ఎందుకు మెరవవు? ఖరీదైన లైట్ కొనే ముందు ఇది చదవండి!

నీలి వెలుగులో నిప్పు కణికల్లా మెరిసే పగడాలు.. వాటి మధ్య తోక ఊపుతూ తిరిగే క్లౌన్ ఫిష్. ఈ వీడియో ఏదో ఒక రూపంలో మీ ఫోన్‌లోకీ వచ్చే ఉంటుంది. చూసినవాళ్లలో కొందరికి వెంటనే ఒకటే ఆలోచన.. మన ఇంట్లో కూడా ఇలాంటి ట్యాంకు పెడితే ఎలా ఉంటుంది? అక్కడి నుంచి లైట్ల వెతుకులాట మొదలవుతుంది. ధరలు చూస్తే కళ్లు తిరుగుతాయి. పోనీ అంత పెట్టి కొంటే పగడం పెరుగుతుందా, రంగు వస్తుందా అంటే.. షాపువాళ్లు రెండింటికీ అవుననే చెబుతారు.

కానీ పెరుగుదల వేరు, రంగు వేరు. రెండింటికీ కావాల్సిన వెలుగు ఒకటి కాదు. అంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకోటుంది. రీల్స్‌లో కనిపించే పగడాల్లో చాలావాటిని మన దేశంలో ఇంట్లో పెట్టుకుంటే నేరం. జైలుకు పంపేంత నేరం. ఈ సంగతి తెలిస్తే లైట్ ఎంపిక సగం తేలిపోయినట్టే.

సముద్రం ఉన్నా పగడాలు లేవెందుకు?

మన దేశంలో పగడపు దిబ్బలు ప్రధానంగా ఉన్నవి గల్ఫ్ ఆఫ్ మన్నార్, పాక్ బే, గల్ఫ్ ఆఫ్ కచ్, లక్షద్వీప్, అండమాన్ నికోబార్ దీవుల్లో. మరి అంత పొడవైన ఆంధ్ర తీరం ఉంది కదా.. అక్కడ అలాంటి పెద్ద దిబ్బలు ఎందుకు లేవు? గోదావరి, కృష్ణ లాంటి నదులు బంగాళాఖాతంలోకి మంచినీళ్లనూ, ఒండ్రునూ మోసుకొస్తాయి. ఉప్పు తగ్గుతుంది, నీళ్లు బురదగా మారతాయి. బురద నీళ్లలో వెలుగు కిందికి దిగదు. వెలుగు లేనిచోట దిబ్బ కట్టే పగడం బతకదు.

ఎందుకంటే పగడం జంతువే అయినా దాని తిండిలో ఎక్కువ భాగం వెలుగు నుంచే వస్తుంది. దాని కణాల్లో జూజాంథెల్లే అనే సూక్ష్మ శైవలాలు కాపురం ఉంటాయి. అవి వెలుగును పట్టి చక్కెరలు తయారుచేస్తాయి, అందులో పెద్ద వాటా పగడానికి ఇస్తాయి. బదులుగా పగడం వాటికి చోటు, పోషకాలు ఇస్తుంది. ఇంటి అద్దె వంటసరుకుల రూపంలో కట్టినట్టన్నమాట. ట్యాంకు పైన లైట్ పెట్టేది మన కళ్ల కోసం కాదు.. ఈ శైవలాల కోసం.

పెంచే వెలుగు ఒకటి, చూపించే వెలుగు ఇంకొకటి

సముద్రపు నీళ్లు ఎరుపు రంగును ముందుగా మింగేస్తాయి. కొద్ది మీటర్ల లోతుకే ఎరుపు చాలావరకు పోతుంది, నీలం మాత్రం చాలా లోతుకు వెళ్తుంది. పగడాల్లోని శైవలాలు కూడా ఆ నీలానికే అలవాటు పడ్డాయి. వాటిలోని క్లోరోఫిల్, పెరిడినిన్ అనే రంగు పదార్థాలు 400 నుంచి 500 నానోమీటర్ల మధ్య వెలుగును బాగా పీల్చుకుంటాయి. అందుకే రీఫ్ లైట్లు నీలంగా ఉంటాయి తప్ప, ఫ్యాషన్ కోసం కాదు.

మరి ఆ మెరుపు సంగతేంటి? పగడాల ఒంట్లో ఫ్లోరసెంట్ ప్రొటీన్లు ఉంటాయి. ఇవి నీలి వెలుగును తీసుకుని ఆకుపచ్చగానో, నారింజగానో, ఎర్రగానో తిరిగి వదులుతాయి. ఇది వింత వస్తువేం కాదు. జెల్లీఫిష్‌లో దొరికిన ఆకుపచ్చ ఫ్లోరసెంట్ ప్రొటీన్‌పై చేసిన పనికి 2008లో రసాయన శాస్త్రంలో నోబెల్ వచ్చింది. కణం లోపల ఏం జరుగుతుందో చూడటానికి ప్రపంచమంతా జీవశాస్త్ర ల్యాబుల్లో వాడేది దాన్నే. 1999లో రష్యా శాస్త్రవేత్తలు ఎర్రగా వెలిగే ప్రొటీన్‌ను వేరుచేశారు. దాన్ని దేని నుంచి తీశారో తెలుసా? అక్వేరియం షాపుల్లో మష్రూమ్ కోరల్ పేరుతో అమ్మే డిస్కోసోమా నుంచే!

ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. పూర్తిగా నీలం లైట్ వేస్తే పగడం మెరుస్తుంది. అది ఆరోగ్యంగా ఉన్నందుకే మెరుస్తోందని కాదు. అదే పగడాన్ని కాస్త తెల్ల వెలుగులో చూస్తే అసలు రంగు బయటపడుతుంది. గోధుమ రంగులోకి తిరిగితే లోపల శైవలాలు మరీ ఎక్కువయ్యాయన్నమాట. వెలుగు చాలకపోయినా, నీళ్లలో నైట్రేట్, ఫాస్ఫేట్ పేరుకుపోయినా ఇలా అవుతుంది. పాలిపోయి తెల్లబడితే శైవలాలు వెళ్లిపోతున్నాయని అర్థం. వెలుగు మరీ ఎక్కువైనా, వేడి పెరిగినా, నీళ్లలో పోషకాలు పూర్తిగా సున్నా అయినా అదే గతి. రీల్స్ తీసేవాళ్లు ఫోన్ కెమెరా ముందు పసుపు లేదా నారింజ ఫిల్టర్ పెడతారన్నది ఇంకో సంగతి. నీలాన్ని ఆ ఫిల్టర్ ఆపేస్తుంది.. మెరుపు ఒక్కటే మిగులుతుంది. కాబట్టి వీడియోలో కనిపించిన రంగు ఏ లైట్ కొన్నా నేరుగా కంటికి కనిపించదు.

వాట్లు కాదు.. పార్ చూడాలి

లైట్ డబ్బా మీద వాట్లు, కెల్విన్లు రాసి ఉంటాయి. వాట్లు కరెంటు ఎంత తింటుందో చెబుతాయి. కెల్విన్ మన కంటికి వెలుగు ఎంత నీలంగా కనిపిస్తుందో చెబుతుంది. పగడానికి ఎంత అందుతోందో ఈ రెండూ చెప్పవు. దానికి కొలత పార్. అంటే శైవలాలు వాడుకోగలిగిన వెలుగు, ఒక చోట ఒక సెకనులో ఎంత పడుతోందనే లెక్క. వేసవిలో నడి మధ్యాహ్నం ఆరుబయట ఎండలో ఇది సుమారు 2000 ఉంటుంది.

పగడానికి అంత అక్కర్లేదు. మష్రూమ్, లెదర్ లాంటి మెత్తటి పగడాలకు 50 నుంచి 100 దాకా చాలు. జోయాంథిడ్‌లు ఇంకొంచెం ఎక్కువైనా తట్టుకుంటాయి. కొమ్మలు కొమ్మలుగా పెరిగే అక్రోపోరా లాంటి రాతి పగడాలను పెంచేవాళ్లు 200 నుంచి 350 దాకా ఇస్తారు. వేలకు వేలు పోసే పెద్ద లైట్లన్నీ తయారైంది ప్రధానంగా ఈ చివరి రకం కోసమే. ఈ సంగతి మాత్రం గుర్తుంచుకోండి, కిందికెళ్తే మళ్లీ వస్తుంది.

ఫోన్‌లో లక్స్ మీటర్ యాప్ ఉంది కదా, దాంతో కొలిస్తే పోలేదా అంటే.. పనికిరాదు. లక్స్ మనిషి కన్ను లెక్క. మన కన్ను ఆకుపచ్చ, పసుపు వెలుగుకు ఎక్కువ స్పందిస్తుంది, నీలాన్ని తక్కువగా చూస్తుంది. నీలం లైట్ కింద యాప్ తక్కువ అంకె చూపిస్తుంది. దాన్ని నమ్మి లైట్ పెంచితే పగడం మాడిపోతుంది. నీళ్లలో ముంచి కొలిచే పార్ మీటర్ ఖరీదైనదే.. ఒక ట్యాంకు కోసం సొంతంగా కొనడం దండగ. కొనే లైట్‌కు ఎంత ఎత్తు నుంచి, ఎంత లోతులో ఎంత పార్ వస్తుందో చూపే చార్ట్ కంపెనీ ఇచ్చిందా లేదా అడగండి. అది కూడా లేని లైట్ జోలికి పోకపోవడమే మంచిది.

చట్టం ఏం చెబుతోంది?

2001లో కేంద్రం పగడాలను వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లోని షెడ్యూల్ 1లో చేర్చింది. పులి ఉన్న జాబితా అదే. దిబ్బ కట్టే రాతి పగడాలన్నీ, నల్ల పగడాలు, ఫైర్ కోరల్, ఆర్గాన్ పైప్ కోరల్, సీ ఫ్యాన్‌లు అన్నీ అందులోకే వస్తాయి. వీటిని సముద్రం నుంచి తీయడం, అమ్మడం, కొనడం, దగ్గర పెట్టుకోవడం.. ఏదైనా నేరమే. షెడ్యూల్ 1 జీవుల విషయంలో శిక్ష 3 నుంచి 7 ఏళ్ల జైలు. 2022 సవరణ తర్వాత కనీస జరిమానా 25 వేల రూపాయలు. షోకేసులో పెట్టుకునే తెల్లటి ఎండు పగడం ముక్కకూ ఇది వర్తిస్తుంది. వాస్తు కోసం, అందం కోసం అంటే వినేవాళ్లుండరు.

విదేశం నుంచి తెప్పించామంటే సరిపోతుందా? రాతి పగడాలన్నీ సైటిస్ అనే అంతర్జాతీయ ఒప్పందం రెండో జాబితాలో ఉన్నాయి. అనుమతి పత్రాలు లేకుండా సరిహద్దు దాటకూడదు. "ఇంపోర్టెడ్ పీస్ అన్నా, ఏం కాదు" అని షాపులో చెప్పే మాటకు కాగితం తోడు లేకపోతే విలువ లేదు.

మష్రూమ్‌లు, జోయాంథిడ్‌లు, లెదర్ కోరల్ లాంటి వాటి పేర్లు ఆ షెడ్యూల్ 1 జాబితాలో లేవు. అలాగని గల్ఫ్ ఆఫ్ మన్నార్ మెరైన్ నేషనల్ పార్కులో ఏరుకొచ్చినవి కొనొచ్చని కాదు, అక్కడ ఏది తీసినా తప్పే. బిల్లు, ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పే పత్రం అడగాలి. ట్యాంకులో పెరిగిన పగడం నుంచి కత్తిరించిన ముక్క అయితే ఇంకా మంచిది. సముద్రం మీద భారం పడదు.

ఇప్పుడు ఇందాకటి అంకెలు గుర్తు తెచ్చుకోండి. 300 పార్ కావాల్సిన పగడాన్ని మీరు పెట్టుకోకూడదు. పెట్టుకోగలిగిన వాటికి 100 చుట్టూ ఉంటే చాలు. మరి ఆ పెద్ద లైట్ ఎవరి కోసం?

చిన్న గదికి చిన్న లైటే సరి

ఉస్మానియా క్యాంపస్‌ను ఆనుకుని ఉన్న మాణికేశ్వర్ నగర్‌నే తీసుకోండి. వడ్డెర బస్తీ అని కూడా పిలిచే ఈ కాలనీలో ఇళ్లు దగ్గర దగ్గరగా ఉంటాయి. తార్నాక వైపు అద్దె గదుల పరిస్థితీ అంతే. ఇలాంటి గదిలో పట్టేది రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ట్యాంకు. పట్టే నీళ్లు సుమారు 56 లీటర్లు. అడుగు లోతే కాబట్టి వెలుగు అట్టడుగుకు సులువుగా చేరుతుంది. మెత్తటి పగడాలకు 30 నుంచి 50 వాట్ల మంచి రీఫ్ ఎల్ఈడీ సరిపోతుంది. 450 నానోమీటర్ల చుట్టూ ఉండే రాయల్ బ్లూ ఎక్కువగా, ఊదా కొంచెం, తెలుపు కొంచెం ఉండాలి. నీలం, తెలుపు విడివిడిగా తగ్గించి పెంచే వీలు తప్పనిసరి. మంచినీటి మొక్కల ట్యాంకులకు వాడే లైట్‌లో ఎరుపు ఎక్కువ. అది వేస్తే పగడం కంటే ముందు రాళ్ల మీద నాచు పెరుగుతుంది.

కరెంటు లెక్క కూడా చూద్దాం. 40 వాట్ల లైట్ రోజుకు 9 గంటలు వెలిగితే నెలకు 11 యూనిట్లు కూడా దాటదు. పాత కాలపు 250 వాట్ల మెటల్ హాలైడ్ అయితే అదే 9 గంటలకు నెలకు 67 యూనిట్లు. పైగా నీళ్లను వేడెక్కిస్తుంది.

అసలు చిక్కు ఈ వేడితోనే. పగడాలకు 24 నుంచి 27 డిగ్రీల నీళ్లు కావాలి. మే నెలలో హైదరాబాద్‌లో బయట 40 దాటితే, రేకుల కప్పు కింద గది ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. వేడి నీళ్లలో వెలుగు తోడైతే శైవలాలు పగడానికి హాని చేసే ఆక్సిజన్ రూపాలను వదలడం మొదలుపెడతాయి. అప్పుడు పగడమే వాటిని బయటికి తోసేస్తుంది. బ్లీచింగ్ అంటే ఇదే. 2024లో లక్షద్వీప్ దిబ్బల్లో జరిగిందీ ఇదే. సముద్రంలో ఈ ముప్పును ముందే పసిగట్టే హెచ్చరికలు వచ్చేది ఎక్కడి నుంచో కాదు.. ఇదే హైదరాబాద్‌లో, ప్రగతి నగర్‌లోని ఇన్‌కాయిస్ నుంచి. ఉపగ్రహాలు పంపే సముద్ర ఉష్ణోగ్రతలను చూసి ఆ సంస్థ 2011 నుంచి బ్లీచింగ్ అలర్టులు ఇస్తోంది. గదిలో ట్యాంకుకు మాత్రం ఒక థర్మామీటరే దిక్కు. అందుకే చేతిలో డబ్బు పరిమితంగా ఉంటే లైట్ మీద మిగిల్చి చల్లదనం మీద పెట్టడం తెలివైన పని. నీటి మీదికి గాలి కొట్టే ఫ్యాన్ రెండు మూడు డిగ్రీలు తగ్గించగలదు. కాకపోతే నీళ్లు త్వరగా ఆవిరవుతాయి, ఆ లోటును రోజూ ఆర్ఓ నీళ్లతో పూడ్చాలి. ఉప్పునీళ్లు పోస్తే ఉప్పు పెరిగిపోతుంది. ఏసీ గానీ చిల్లర్ గానీ లేని రేకుల గదిలో అయితే ఈ సరదా వాయిదా వేసుకోవడమే మేలు.

కిటికీ ఎండలో పెడితే లైట్ ఖర్చు కూడా ఉండదు కదా అని కొందరంటారు. కిటికీ ఎండ పగడానికి పనికొచ్చేదే గానీ, దాంతోపాటు వేడి, నాచు ఉచితంగా వస్తాయి.

లైట్ తెచ్చాక తొందరపడొద్దు

కొత్త లైట్‌ను మొదటి రోజే పూర్తి వెలుగులో పెట్టడం వల్ల చచ్చిపోయే పగడాలే ఎక్కువ. 40 శాతంతో మొదలుపెట్టి వారానికి 5 నుంచి 10 శాతం చొప్పున పెంచాలి. రోజుకు 8 నుంచి 10 గంటలు, టైమర్‌తో, రోజూ అదే వేళకు. రాత్రి పూర్తి చీకటి ఉండాలి. కొత్త పగడాన్ని ముందు ట్యాంకు అడుగున పెట్టి, రెండు మూడు వారాలు చూశాకే పైకి జరపాలి.

మిగతాది పగడమే చెబుతుంది. మష్రూమ్ గొట్టంలా పైకి సాగినా, జోయాంథిడ్‌ల కాడలు పొడవుగా ఎదిగినా వెలుగు చాలడం లేదని అర్థం. అంచులు ముడుచుకుని, రంగు పాలిపోతుంటే ఎక్కువైంది, తగ్గించాలి. మార్పు చేశాక పది రోజులైనా ఆగాలి. రోజుకోసారి సెట్టింగ్ మార్చేవాళ్ల ట్యాంకులో ఏదీ కుదురుకోదు.

జోయాంథిడ్‌లు తెచ్చేవాళ్లకు ఒక హెచ్చరిక. వీటిలో కొన్నింట్లో పాలిటాక్సిన్ అనే భయంకరమైన విషం ఉంటుంది. చేతికి గ్లౌజులు, కళ్లకు అద్దాలు లేకుండా ముట్టుకోవద్దు. అవి అంటుకున్న రాయిని వేడినీళ్లలో ఉడకబెట్టడం, బ్రష్‌తో గీకడం అస్సలు వద్దు. ఆ ఆవిరి పీల్చి విదేశాల్లో కుటుంబాలకు కుటుంబాలే ఆసుపత్రి పాలైన ఘటనలున్నాయి. ఒకే గదిలో వంట, పడక, ట్యాంకు ఉన్నచోట, పిల్లలున్న ఇంట్లో మష్రూమ్‌లతో సరిపెట్టుకోవచ్చు. ఎర్రగా, నీలంగా, ఆకుపచ్చగా దొరుకుతాయి, తక్కువ వెలుగులోనే పిల్లలు పెడతాయి.