రంగు పూసేది కాదు, వడకట్టేది

చిన్న గాజు బుడ్డి. దాని లోపల నిప్పుకణిక రంగులో ఒక సన్నని తీగ '7' ఆకారంలోనో '3' ఆకారంలోనో వెలుగుతూ ఉంటుంది. పాత ప్రయోగశాలల ఫోటోల్లోనో, ఫోన్‌లో కనిపించే అలంకరణ గడియారాల్లోనో మీరు వీటిని చూసే ఉంటారు. నిక్సీ గొట్టాలంటారు. 1955లో అమెరికాలోని బరోస్ కంపెనీ వీటిని మార్కెట్లోకి తెచ్చింది. హైదరాబాదులో ఏ.ఎస్.రావు గారి సారథ్యంలో ఈసీఐఎల్ మొదలైన 1967 నాటికి ప్రపంచమంతటా ఓల్టు మీటర్లలో, లెక్కింపు యంత్రాల్లో అంకెలు చూపించే పని ఎక్కువగా వీటిదే. తర్వాత ఎల్‌ఈడీలు వచ్చి వీటిని పక్కకు నెట్టేశాయి.

ఇప్పుడు మళ్లీ మోజు మొదలైంది. మా ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు ఆ గడియారాల వీడియోలు చూసి వచ్చి ఒకే ప్రశ్న అడుగుతున్నారు: "టీచర్, దీనికి నీలం జిలెటిన్ కాగితం చుడితే అంకె నీలంగా వెలుగుతుందా?"

వెలగదు. దాదాపు ఆరిపోయినట్టు కనిపిస్తుంది. ఎందుకో చెప్పగలిగిన పిల్లవాడికి కాంతి పాఠం సగం వచ్చినట్టే.

గొట్టం లోపల తక్కువ పీడనంలో నియాన్ వాయువు ఉంటుంది. సున్న నుంచి తొమ్మిది దాకా పది అంకెల తీగలు ఒకదాని వెనక ఒకటి పేర్చి ఉంటాయి. సుమారు 170 ఓల్టుల విద్యుత్తు ఇస్తే, ఏ తీగకు కనెక్షన్ ఇచ్చామో దాని చుట్టూ ఉన్న వాయువు వెలుగుతుంది. ఇక్కడ పిల్లలు తరచూ పొరబడతారు. బల్బు ఫిలమెంటులాగా తీగ కాలి ఎర్రబడిందని అనుకుంటారు. తీగ కాలదు, వెలిగేది దాన్ని అంటిపెట్టుకున్న వాయువు. ఆ వెలుగులో నారింజ, ఎరుపు రంగులే ఎక్కువ: నియాన్ బలమైన రేఖలు 585 నానోమీటర్ల నుంచి 703 దాకా ఉంటాయి. నీలం లేనట్టే లెక్క. నీలం కాగితం చేసే పని నీలాన్ని పోనిచ్చి మిగిలినవి ఆపడం. పోనివ్వడానికి నీలమే లేనప్పుడు అవతలికి ఏం వస్తుంది?

ఇంగ్లీషులో 'కలర్ ఫిల్టర్' అని చదువుకున్న పిల్లలు దాన్ని రంగు ఇచ్చే వస్తువుగానే గుర్తుపెట్టుకోవడం చాలాసార్లు చూశాను. తప్పు వాళ్లది కాదు. 'కలర్' అనే మాట ముందు కనిపిస్తుంది, 'ఫిల్టర్' అంటే ఏమిటో వాళ్లింట్లో ఎవరూ అనరు. అదే 'వడపోత' అనండి. టీ వడకట్టే జాలీ టీకి రుచి ఇస్తుందా? పిప్పిని ఆపుతుంది, అంతే. మన చంద్రపూర్ పిల్లలకు మరాఠీ 'గాళణీ' కూడా వంటింటి మాటే కాబట్టి రెండు భాషలూ ఒకే సంగతి చెబుతాయి. తెలుగు మీడియంలో సైన్సు వద్దు, ఇంగ్లీషుకు మార్చేస్తాం అని ప్రతి జూన్‌లో వచ్చే తల్లిదండ్రులకు నేను ఈ జాలీనే చూపిస్తున్నాను. పరీక్షలో ఇంగ్లీషు పదం రాయాల్సి వస్తే రాస్తారు, అది ఒక్కరోజు పని. విషయం ముందు వంటింటి మాటలో దిగాలి.

మరి అసలు తయారీదారులే కొన్ని గొట్టాలకు రంగు పూత ఎందుకు వేశారు? ఫిలిప్స్ గొట్టాల్లో జడ్‌ఎమ్ 1020కి ఎర్రటి పూత ఉంటుంది. అలాంటిదే అయిన జడ్‌ఎమ్ 1022కి పూత లేదు, గాజు తేటగా కనిపిస్తుంది. పూత పని అలంకరణ కాదు. దానికి రెండు కారణాలు.

మొదటిది పాదరసం. గొట్టం ఎక్కువ కాలం మన్నడానికి లోపల చిటికెడు కన్నా తక్కువ పాదరసం కలుపుతారు. అది కూడా కాస్త వెలుగుతుంది, కానీ నీలి, ఊదా రంగుల్లో. దాని 436 నానోమీటర్ల రేఖ నారింజ అంకె చుట్టూ నీలి పొగలా కనిపిస్తుంది. ఎర్ర పూత ఆ నీలాన్ని ఆపేస్తుంది, అంకె శుభ్రంగా కనిపిస్తుంది. ఇలాంటి గొట్టం ముందు నీలం కాగితం పెడితే అంకె మాయమై ఆ పొగ మాత్రం మిగులుతుంది.

రెండో కారణం గదిలోని వెలుతురు. గొట్టం లోపల వెలగని తొమ్మిది అంకెలూ, ముందున్న జాలీ తీగలూ లోహమే. ట్యూబులైటు వెలుగు వాటి మీద పడి మెరిస్తే వెలిగే అంకె చదవడం కష్టం. ఉదాహరణకు సగం వెలుగును ఆపే పొగరంగు పలక ముందు పెట్టామనుకోండి. అంకె వెలుగు పలకను ఒక్కసారే దాటుతుంది, 100లో 50 మన కంటికి వస్తుంది. గది వెలుగు లోపలికి వెళ్లేటప్పుడు ఒకసారి, తిరిగి వచ్చేటప్పుడు ఇంకోసారి దాటాలి. 100 కాస్తా 50, ఆ 50 కాస్తా 25. అంకె మసకబారినా చుట్టూ ఉన్నది అంతకన్నా ఎక్కువ మసకబారింది కాబట్టి అంకె తేలికగా కనిపిస్తుంది. ఐదో తరగతి లెక్క ఇది. ఎర్ర పలకైతే ఇంకా లాభం: తెల్లని గది వెలుగులో నీలం, ఆకుపచ్చ భాగాలు మొదటే ఆగిపోతాయి, నియాన్ ఎరుపు మాత్రం చాలావరకు దాటుతుంది. ఎర్ర అంకెలుండే ఎలక్ట్రానిక్ గడియారాల ముందు ఎర్రటి పలక బిగించేది కూడా ఇందుకే.

పాత గొట్టాలకు ఇప్పుడు కొత్తగా రంగు పూయించాలనుకునేవారు కొందరున్నారు. పూత కన్నా ముందు నిలబెట్టే పలకే మేలని నా అభిప్రాయం. పూత కుంచె గీతలు పడుతుంది, కొన్నాళ్లకు పెచ్చులూడుతుంది. నచ్చకపోతే పలకను తీసేయొచ్చు. ఇక నీలం, ఆకుపచ్చ వెలుగులతో అమ్మే నిక్సీ గడియారాల సంగతి: ఆ రంగు చాలావాటిలో గొట్టం అడుగున పెట్టిన చిన్న ఎల్‌ఈడీది, అంకెది కాదు.

నీలి-ఆకుపచ్చ అంకెలుండే పాత టేప్‌రికార్డర్లు, వీసీఆర్‌ల తీరు వేరు. వాటిలో వెలిగేది వాయువు కాదు, జింక్ ఆక్సైడ్ పొడి. అది ఒక్కో రేఖగా కాకుండా నీలం నుంచి పసుపు దాకా వెడల్పుగా వెలుగునిస్తుంది. అందుకే ఆకుపచ్చ పలక పెడితే ఆకుపచ్చగా, నీలం పెడితే నీలంగా కనిపిస్తుంది. లోపల ఉన్నదాన్నే వడకట్టుకోగలం.

ఈ ఒక్క నియమం మీదే మన దేశపు గొప్ప ప్రయోగం ఒకటి నిలబడింది. విశాఖపట్నంలో చదువుకున్న సి.వి.రామన్ 1928లో కలకత్తాలో సూర్యకాంతిని ఊదా వడపోత గుండా ద్రవంలోకి పంపారు. ద్రవానికీ కంటికీ మధ్య ఊదాను పూర్తిగా ఆపే పసుపు-ఆకుపచ్చ వడపోత పెట్టారు. కాంతి రంగు మారకుండా చెదిరితే అవతల చీకటే ఉండాలి. కానీ మసకగా వెలుగు కనిపించింది. వడపోత రంగు ఇవ్వదు కనుక ఆ రంగు ద్రవంలోనే పుట్టి ఉండాలి. రెండు రంగు వడపోతలతో రామన్ ఫలితం అలా బయటపడింది. నాగపూర్ వెళ్లినప్పుడు ఆయన పేరిట ఉన్న రామన్ సైన్స్ సెంటర్‌కు పిల్లలను తీసుకెళ్లేవాళ్లు ఈ కథ ముందే చెప్పి తీసుకెళ్లండి.

2,920 మెగావాట్ల థర్మల్ కేంద్రం ఉన్న ఊరు మనది. కరెంటంటే పిల్లలకు భయం తక్కువ. నిక్సీ గొట్టాన్ని మాత్రం వాళ్ల చేతికి ఇవ్వకండి. 170 ఓల్టులు ప్రమాదం, పగిలితే పాదరసం. దాని చిన్న చెల్లెలు మన ఇళ్లలోనే ఉంది: పాత స్విచ్‌బోర్డులో నారింజ రంగులో వెలిగే చుక్క కూడా నియానే. బోర్డు విప్పకుండా, దూరంగా నిలబడి కంటి ముందు ఎర్ర, ఆకుపచ్చ, నీలం జిలెటిన్ కాగితాలు ఒక్కొక్కటే పెట్టుకుని చూస్తే చాలు. ప్రతి కాగితం పెట్టే ముందు చుక్క ఎలా కనిపిస్తుందో పిల్లలతో నోట్‌బుక్‌లో రాయించండి, తర్వాత చూడనివ్వండి. తర్వాత అదే కాగితాలతో ఎల్‌ఈడీ బల్బును చూస్తే తేడా వాళ్లే చెబుతారు. సూర్యుణ్ణి మాత్రం చూడనివ్వకండి, కంటికి కనిపించని పరారుణ కిరణాలను ఆ కాగితాలు ఆపవు.