కుంపటి పేరు మారినా నిప్పు నిప్పే



గ్యాసు పొయ్యిలు రాకముందు మన ఇళ్లల్లో వంకాయ కాల్చాలన్నా, అప్పడం కాల్చాలన్నా బొగ్గుల కుంపటే దిక్కు. అటకెక్కిన ఆ కుంపటే ఇప్పుడు ఇనుప కాళ్లతో, పైన చువ్వలతో, బార్బెక్యూ అని పేరు మార్చుకుని డాబా మీదికి వచ్చింది. ఆదివారం పూట పిల్లలంతా చేరి కోడి ముక్కలో, మొక్కజొన్న పొత్తులో కాల్చుకు తింటుంటే ముచ్చటగానే ఉంటుంది. కాదనను. కానీ పేరు మారినంత మాత్రాన నిప్పు గుణం మారదు కదండీ!

అన్నిటికంటె ముఖ్యమైన మాట ముందే చెబుతాను. బొగ్గుల పొయ్యిని ఇంట్లోకి తేవద్దు. వాన పడుతోందని హాల్లో పెట్టుకోవడం, చలిగా ఉందని మిగిలిన నిప్పులు పడకగదిలో ఉంచుకోవడం, రెండూ ప్రాణాంతకాలే. "పొగ రావటం లేదుగా!" అంటారు. ఇక్కడే మోసపోతాం. బొగ్గు కాలేటప్పుడు కార్బన్ మోనాక్సైడు అనే విషవాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలో ప్రాణవాయువును మోసుకుపోయే హిమోగ్లోబిన్‌ను అది ప్రాణవాయువు కంటె 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ఊపిరి ఆడుతూనే ఉంటుంది, ఒంటికి మాత్రం ప్రాణవాయువు అందదు. మొదట తలనొప్పి, ఆపైన కళ్లు తిరగడం, వికారం. తిన్నది పడలేదేమో, కాసేపు పడుకుంటే తగ్గుతుందిలే అనుకుంటారు. ఆ పడుకున్నవాళ్లు మళ్లీ లేవకపోవచ్చు. గదిలో ఉన్న ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి వచ్చిందంటే అది అజీర్తి కాదు. వెంటనే అందరినీ ఆరుబయటికి తీసుకువచ్చి 108కి ఫోను చేయండి.

బాలింత గదిలో కుంపటి పెట్టి తలుపులు బిగించే అలవాటు కొన్ని ఇళ్లల్లో ఇంకా ఉంది. పెంకుటిళ్లల్లో సందుల్లోంచి కాస్త గాలి ఆడేది. ఇప్పటి శ్లాబు ఇళ్లకూ, అద్దాల కిటికీలకూ ఆ సందులేవీ? అత్తగారికి నచ్చచెప్పి ఈ అలవాటు మాన్పించండి. ఒక కిటికీ తీసి ఉంచామంటే సరిపోదు.

ఇక పొయ్యి సంగతి. గోడకూ, బట్టలారేసే తీగకూ పదడుగుల దూరంలో, చదునైన నేల మీద పెట్టండి. అపార్టుమెంటు బాల్కనీ దీనికి తగిన చోటు కాదు. నిప్పు రాజుకోవటం లేదని మండే బొగ్గుల మీద కిరసనాయిలు పోశారా, మంట సీసా దాకా ఎగబాకుతుంది. పమిట దోపుకోండి, నైలాను, పాలియెస్టరు చీరెలైతే కరిగి ఒంటికి అంటుకుంటాయి. కొవ్వు కారి మంట లేస్తే నీళ్లు కొట్టకండి, ముక్కలు పక్కకు తీసి ఇసుక చల్లండి. పచ్చి మాంసం ఉంచిన పళ్లెంలో కాల్చిన ముక్కలు మాత్రం వేయొద్దు.

తిన్నాక అందరూ పొయ్యిని మరచిపోతారు. పైన బూడిద కమ్మినా లోపల నిప్పు మర్నాటిదాకా ఉంటుంది. నీళ్లు కొద్దికొద్దిగా పోసి, కలియబెట్టి, పూర్తిగా చల్లారాకే పారేయండి. ప్లాస్టిక్ చెత్తబుట్టలో వేడి బూడిద వేయకూడదు.

చెయ్యి కాలితే సిరా, టూత్‌పేస్టు, వెన్న ఏవీ రాయవద్దు. గాజులూ, ఉంగరాలూ వాపు రాకముందే తీసేసి, కుళాయి నీటి ధార కింద 20 నిమిషాలు ఉంచండి. బొబ్బ లేస్తే చిదపకుండా డాక్టరుకు చూపించండి.