కొన్నది మనం, తాళంచెవి వాళ్లది

2009 జులైలో అమెరికాలో కొందరు అమెజాన్ ఈ-పుస్తకాల పరికరం కిండిల్ తెరిచి చూస్తే, డబ్బు పెట్టి కొన్న పుస్తకాలు మాయమై ఉన్నాయి. వాటిని అమ్మకానికి పెట్టిన ప్రచురణకర్తకు హక్కులు లేవని తెలిసి, అమెజాన్ ఎవరినీ అడక్కుండా ఎక్కణ్నుంచో వాటిని తుడిచేసి, డబ్బు వాపసు వేసింది. పోయినవి ఏ వంటల పుస్తకాలో అయితే అంత గోల అయ్యేది కాదు. అవి జార్జ్ ఆర్వెల్ ‘1984’, ‘యానిమల్ ఫామ్’! ఏలినవారికి గిట్టని కాగితాలన్నీ బూడిదైపోయే లోకం గురించి రాసిన నవలే మొదటిది. మిషిగన్‌లో ఒక హైస్కూలు కుర్రాడు చదువు కోసం అందులో రాసుకున్న నోట్సు, పుస్తకం పోవడంతో ఎందుకూ కొరగాకుండా పోయింది. అతను కోర్టుకెక్కాడు. కేసు లక్షన్నర డాలర్లకు రాజీ అయింది. అది తెలివిమాలిన పని అని అప్పటి అమెజాన్ అధిపతి జెఫ్ బెజోసే ఒప్పుకుని క్షమాపణ చెప్పారు.

పదేళ్లకు మైక్రోసాఫ్ట్ తన ఈ-పుస్తకాల దుకాణాన్నే ఎత్తేసింది. ఈసారి ముందే చెప్పారు, డబ్బంతా తిరిగిచ్చారు. పుస్తకాల్లో నోట్సు రాసుకున్నవాళ్లకు అదనంగా 25 డాలర్లు. ఒక వాక్యం రాసుకున్నా, వంద పేజీల నిండా రాసుకున్నా అదే రేటు.

ఇలాంటివి చూసే కాబోలు, కాలిఫోర్నియా ఒక చట్టం చేసింది. చేతికిచ్చేది వాడుకునే అనుమతి మాత్రమే అయితే ఆ సంగతి స్పష్టంగా చెప్పకుండా ‘కొనండి’ అనే బటన్ పెట్టకూడదు. 2025 జనవరి 1 నుంచి అమల్లో ఉంది.

ఈ-పుస్తకాలంటే కంటికి కనబడని సరుకు. రివాల్వ్ అలా కాదు, ఇంట్లో లైట్లు, తలుపులు నడిపే 300 డాలర్ల పెట్టె. గూగుల్ కుటుంబంలోని నెస్ట్ ఆ కంపెనీని కొనేసి, 2016 మేలో సర్వర్లు ఆపేసింది. జీవితకాల సేవ అని చెప్పి అమ్మిన పెట్టె అది. ఎవరి జీవితకాలమో చెప్పలేదు మరి.

కొన్నది పోవడం ఒక చిక్కైతే, వద్దనుకున్నది వదలకపోవడం ఇంకొకటి. అమెజాన్ చందా పథకం ప్రైమ్‌లో చేరడం చిటికెలో పని. బయటపడటమో? నాలుగు పేజీలు, ఆరు నొక్కులు, 15 ఐచ్ఛికాలు దాటాల్సి వచ్చేదని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2023లో కోర్టుకు చెప్పింది. ఈ దారికి కంపెనీ లోపలివాళ్లు పెట్టుకున్న పేరు ‘ఇలియడ్’. ఏళ్ల తరబడి సాగిన ట్రాయ్ యుద్ధం మీద హోమర్ రాసిన కావ్యం పేరు! పేరు పెట్టినవాడికి హాస్యప్రియత్వం ఉంది, కాదనలేం. 2025 సెప్టెంబరులో తప్పు ఒప్పుకోకుండానే 250 కోట్ల డాలర్లకు అమెజాన్ రాజీపడింది. అందులో 150 కోట్లు చందాదారులకు వాపసు.

మన దేశంలో ఇలాంటి ఎత్తుల్ని 13 రకాలుగా విడదీసి 2023 నవంబరు 30న నిషేధించారు. సిగ్గుపడేలా చేసి ఒప్పించడం వాటిలో ఒకటి. ఉదాహరణ కూడా ఇచ్చారు: విమానం టికెట్టు కొంటూ బీమా వద్దనుకున్నవాడి చేత ‘నేను రక్షణ లేకుండానే ఉంటాను’ అనిపించడం.

కంపెనీలు తలుచుకుంటే ఎంత చురుగ్గా కదులుతాయో కూడా చూశాం. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లను హడలగొట్టింది ఒక తెలుగు అక్షరం. ‘జ్ఞా’ను ఒక ప్రత్యేక పద్ధతిలో కూర్చి మెసేజ్‌లో పంపితే, అందుకున్న ఫోనులో ఆ యాప్ కుప్పకూలేది. ఆకతాయిలకు ఆటవిడుపు దొరికింది. ఫిబ్రవరి 19కల్లా ఆపిల్ కొత్త సాఫ్ట్‌వేర్ వదిలి సరిచేసింది. తెలుగులో రాసుకునేవాళ్లకు మాత్రమే వచ్చిన చిక్కైతే అంత చురుగ్గా కదిలేవాళ్లా అని నాకు అనుమానమే.

ఎందుకంటే అదే ఆపిల్, బ్యాటరీ పాతబడ్డ ఐఫోన్ల వేగాన్ని తనే తగ్గిస్తున్నట్టు, జనం కొలిచి బయటపెట్టాకే 2017 డిసెంబరులో ఒప్పుకుంది. ఫోన్లు ఉన్నట్టుండి ఆగిపోకుండా అలా చేశామంది. నిజమే కావచ్చు, కానీ సంగతి తెలియక కొత్త ఫోను కొన్నవాడి మాటేమిటి? తర్వాత బ్యాటరీ మార్పిడి ధర 79 డాలర్ల నుంచి 29కి దిగింది. ఫ్రాన్స్ రెండున్నర కోట్ల యూరోల జరిమానా వేసింది.

అన్నిటికంటే నన్ను కలవరపెట్టింది శాన్‌ఫ్రాన్సిస్కో తండ్రి కథ. 2021లో పసిబిడ్డకు జబ్బు చేస్తే, వైద్యసిబ్బంది అడిగారని వాపున్న చోట ఫొటో తీశాడు. గూగుల్ యంత్రం దాన్ని పిల్లలపై అఘాయిత్యంగా పోల్చుకుని అకౌంట్ మూసేసింది. మెయిల్, ఫొటోలు, ఫోన్ నంబరు అన్నీ ఒకేసారి పోయాయి. విచారించిన పోలీసు నేరమేమీ లేదని తేల్చి, ఆ మాట చెబుదామంటే ఫోనూ మెయిలూ పనిచెయ్యలేదు! పోలీసులు కాదన్నాక కూడా గూగుల్ అకౌంట్ తిరిగివ్వలేదు.

మనకిక్కడ సోషల్ మీడియా సంస్థలు ఫిర్యాదుల అధికారిని పెట్టి తీరాలి. ఫిర్యాదు అందినట్టు 24 గంటల్లో చెప్పాలి, మామూలుగా 7 రోజుల్లో తేల్చాలి. ఆ జవాబు నచ్చకపోతే 30 రోజుల్లోగా, 2023లో కేంద్రం ఏర్పాటు చేసిన అప్పీలు కమిటీలకు వెళ్లవచ్చు. అప్పీలు దాఖలు నుంచి తీర్పు దాకా అంతా ఆన్‌లైన్‌లోనే.