వెన్నుపాము నరం మళ్ళీ మొలుస్తుందా?

ఆ మధ్య ఉద్దానం నుంచి ఒక తల్లి నా దగ్గరకు వచ్చింది. ఆమె కొడుక్కి ఇరవై ఆరేళ్ళు. కొబ్బరికాయల దింపు అతని వృత్తి. ఆరు నెలల క్రితం చెట్టు మీదినుంచి జారిపడ్డాడు. వెన్నెముక విరిగింది. అప్పటినుంచి నడుము కింది భాగం కదలదు, గిల్లినా తెలియదు. ఆమె చేతిలో ఒక రంగుల కరపత్రం ఉంది. మూలకణాల ఇంజెక్షన్లతో తెగిన నరాలు మళ్ళీ మొలుస్తాయట. మొలిచిందీ లేనిదీ పెట్ స్కాన్ తీసి చూపిస్తారట. ఖర్చు లక్షల్లో ఉంది. ఉన్న అర ఎకరం తోట అప్పటికే బేరం పెట్టారు.

"మా గుంటడు మళ్ళీ నడుస్తాడా బావూ? తోట అమ్మీమంటారా?" అని అడిగిందామె.

పాతికేళ్ళకు పైగా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ప్రభుత్వ వైద్యుడిగా పనిచేస్తున్నాను. ఈ ప్రశ్న చాలామంది అడిగారు. చెట్టు మీదినుంచి పడినవారు, మేడ మీదినుంచి పడినవారు, జాతీయ రహదారి మీద మోటారు సైకిలు ప్రమాదాల్లో దెబ్బతిన్నవారు, వాళ్ళ భార్యలు, తల్లులు. అందుకే జవాబు కొంచెం వివరంగా చెబుతాను.

వెన్నుపాము అంటే ఏమిటి?

వెన్నెముక వేరు, వెన్నుపాము వేరు. వెన్నెముక ఎముకల దొంతర. ఆ ఎముకల మధ్య ఉన్న కాలువలో మెదడు నుంచి కిందికి దిగే మెత్తటి తాడు వెన్నుపాము. పెద్దవాళ్ళలో దాని పొడవు సుమారు 45 సెంటీమీటర్లు. లావు మన చిటికెన వేలంత. "కాలు కదుపు" అనే ఆజ్ఞ మెదడు నుంచి కిందికి వెళ్ళేదీ, "కాలికి ముల్లు గుచ్చుకుంది" అనే కబురు పైకి వచ్చేదీ దీనిలోనుంచే. మలమూత్రాల మీద అదుపు కూడా దీని ద్వారానే. విరిగిన ఎముక ఈ తాడును నొక్కితే, నలిపితే, ఆ చోటుకు కింద కబుర్లు ఆగిపోతాయి.

మరి చెయ్యి తెగి నరం తెగితే కుట్టిన తర్వాత మళ్ళీ పెరుగుతుంది కదా, ఇది ఎందుకు పెరగదు అని మీరడగవచ్చు. మంచి ప్రశ్న. చేతి నరం, కాలి నరం రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతాయి. వెన్నుపాములోని తంతువులు మాత్రం అలా పెరగవు. స్పెయిన్ దేశపు శాస్త్రజ్ఞుడు రామన్ ఇ కహాల్, 1906లో నోబెల్ బహుమతి పొందిన మహానుభావుడు, సూక్ష్మదర్శినిలో చూసి ఈ సంగతి గుర్తించాడు. తెగిన తంతువు కొంచెం ముందుకు వచ్చి అక్కడే ఆగిపోతోంది. దానికి శక్తి లేకనా, దారి లేకనా?

1981లో కెనడాలో డేవిడ్, అగ్వాయో అనే ఇద్దరు దీనికి ఒక చక్కని ప్రయోగం చేశారు. ఎలుక కాలి నరం ముక్కను తీసి వెన్నుపాముకు వంతెనలా అతికించారు. ఆ వంతెనలోకి వెన్నుపాము తంతువులు చొరబడి సెంటీమీటర్ల దూరం పెరిగాయి! అంటే వాటికి శక్తి ఉంది. దారే మూసుకుపోయింది. మూసేవి ముఖ్యంగా రెండు. ఒకటి, తంతువుల చుట్టూ ఉండే కొవ్వుపొరలోని కొన్ని ప్రోటీన్లు. "ఇక్కడ ఆగు" అని అవి చెబుతాయి. రెండవది, గాయం మానేటప్పుడు ఏర్పడే మచ్చ. అందులోని చక్కెర గొలుసుల పదార్థాలు ముళ్ళకంచెలా అడ్డుపడతాయి.

ఆ కంచెను కొరికివేసే ఎంజైము ఒకటి ఉంది. దానిపేరు కాండ్రాయిటినేజ్. 2002లో ఇంగ్లండులో దీనిని ఎలుకలకు ఇచ్చి మంచి ఫలితం చూశారు. చిక్కేమిటంటే, శరీరపు వేడికి ఆ ఎంజైము కొద్ది రోజుల్లోనే చచ్చుబడిపోతుంది. మళ్ళీ మళ్ళీ వెన్నులోకి ఎక్కించాలి. ఈ చిక్కు విప్పినవారిలో మన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బయోమెడికల్ ఇంజనీరింగు చదివి అమెరికా వెళ్ళిన రవి బెల్లంకొండ ఒకరు. ట్రెహలోజ్ అనే ఒక చక్కెర కలిపితే ఆ ఎంజైము శరీరపు వేడిలో కూడా నాలుగు వారాల దాకా పనిచేస్తుందని ఆయన బృందం 2010లో చూపించింది. దాన్ని జిగురులాంటి పదార్థంలో ఉంచి గాయం మీద పెడితే ఎలుకల్లో తంతువులు చిగిర్చాయి, నడక కొంత మెరుగైంది. కొంత అన్నమాట గుర్తుంచుకోండి. ఎలుకల్లో అన్నమాట ఇంకా బాగా గుర్తుంచుకోండి.

మనుషుల్లో కూడా ప్రయత్నాలు సాగుతున్నాయి. 2022లో స్విట్జర్లండులో వెన్నులో విద్యుత్ పలకలు అమర్చి, పూర్తిగా కాళ్ళు పడిపోయిన ముగ్గురిని ఊతతో నిలబెట్టి అడుగులు వేయించారు. అది నరం మొలవటం కాదు, మిగిలిన నరాన్ని తట్టిలేపటం. 2025లో జపానులోని కెయో విశ్వవిద్యాలయం నలుగురు రోగులకు ప్రత్యేకంగా తయారుచేసిన కణాలు ఎక్కించిన ఫలితాలు ప్రకటించింది. ఒకరు ఆసరా లేకుండా నిలబడగలిగారు, మరొకరికి కొంత కదలిక వచ్చింది, ఇద్దరిలో చెప్పుకోదగిన మార్పు లేదు. నలుగురితో ఏదీ తేలదు. ఆశ నిజమైనదే, కాని అది ఇంకా ప్రయోగశాల గడప దాటి మన గడప తొక్కలేదు.

పెట్ స్కాన్ ఏం చూపిస్తుంది?

ఎక్స్‌రే ఎముకను చూపిస్తుంది. ఎమ్మారై వెన్నుపాము ఆకారాన్ని చూపిస్తుంది. పెట్ స్కాన్ చూపించేది ఆకారం కాదు, పని. గ్లూకోజు వంటి పదార్థానికి కొద్దిపాటి రేడియోధార్మికత గల ఫ్లోరిన్ తగిలించి రక్తంలోకి ఎక్కిస్తారు. ఎక్కడ కణాలు చక్కెరను ఎక్కువగా తింటున్నాయో అక్కడ అది పోగవుతుంది. అక్కడినుంచి ఒకేసారి రెండు కిరణాలు ఎదురెదురు దిక్కుల్లో బయలుదేరతాయి. మనిషి చుట్టూ ఉన్న ఉంగరంలాంటి యంత్రం వాటిని పట్టి బొమ్మ గీస్తుంది. ఆ ఫ్లోరిన్ శక్తి 110 నిమిషాల్లో సగమైపోతుంది, గనుక తయారుచేసిన వెంటనే వాడాలి. క్యాన్సరు ఎంతవరకు పాకిందో చూడటానికి ఇది గొప్ప సాధనం.

అయితే ఇది మిల్లీమీటర్ల కొలతలో మసకగా చూసే కన్ను. వెన్నుపామే చిటికెన వేలంత. అందులోని తంతువు వెంట్రుకకన్న ఎంతో సన్నం. నాడీకణాలు ఒకదానినొకటి కలుసుకునే చోట ఉండే ఒక ప్రోటీనును పట్టుకునే కొత్త మందులతో, గాయపడిన వెన్నుపాములో ఆ కలయికలు ఎంత తగ్గాయో జంతువుల్లో పరిశోధకులు చూస్తున్నారు. ముందు ముందు కొత్త చికిత్సలు పనిచేస్తున్నాయో లేదో తేల్చటానికి అది ఉపయోగపడవచ్చు. ఈనాడు మాత్రం "ఇదిగో మీవాడి నరం మొలిచింది" అని పెట్ స్కాన్ బొమ్మలో ఎవరైనా చూపిస్తే నమ్మవద్దు.

ఇక మూలకణాల సంగతి. భారత వైద్య పరిశోధన మండలి 2017 నాటి మార్గదర్శకాల ప్రకారం, వెన్నుపాము గాయానికి మూలకణాలు ఎక్కించటం ఆమోదించిన చికిత్స కాదు. అనుమతి పొందిన పరిశోధనలో భాగంగా మాత్రమే చేయాలి. ఒక్క గుర్తు చెబుతాను. నిజమైన పరిశోధన అయితే ఆ చికిత్సకు రోగి దగ్గర డబ్బు తీసుకోరు. డబ్బు అడిగారంటే అది పరిశోధన కాదు, వ్యాపారం.

"తోట అమ్మకమ్మా" అని చెప్పాను ఆ తల్లికి.

మరి చేయగలిగింది ఏమీ లేదా? చాలా ఉంది. కాళ్ళు పడిపోయినవారిలో ఎంతోమందిని చంపేది వెన్ను గాయం కాదు, ఆ తర్వాత వచ్చే పుళ్ళు, మూత్రంలో చీము. కనుక మంచం మీద ఉన్న మనిషిని రెండు గంటలకొకసారి పక్కకు తిప్పండి. పిరుదులు, మడమలు రోజూ చూడండి. ఎర్రగా కందితే ఆ చోట ఒత్తిడి పడనివ్వకండి. మూత్రం నిండేదాకా ఉంచకుండా నాలుగు నుంచి ఆరు గంటలకొకసారి శుభ్రమైన గొట్టంతో తీయటం నర్సు దగ్గర నేర్చుకోండి. మన ఉద్దానంలో అసలే మూత్రపిండాల జబ్బు ఉంది. నొప్పి మాత్రలు ఇష్టం వచ్చినట్టు మింగవద్దు. కాళ్ళ కీళ్ళు బిగుసుకోకుండా రోజూ వ్యాయామం చేయించండి. చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి బయటకు తీసుకురండి. సదరం ధ్రువపత్రం తీసుకోండి. ప్రమాదంలో దెబ్బతిని మంచానికో, చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి 2024 నుంచి మన రాష్ట్రంలో నెలకు 15,000 రూపాయల పింఛను ఉంది.

చివరగా ఒక మాట. ఆ కుర్రవాడు చెట్టు కింద పడినప్పుడు కాలివేళ్ళు ఆడాయట. జనం పరుగెత్తుకొచ్చి, ఇద్దరు చేతులూ ఇద్దరు కాళ్ళూ పట్టుకుని ఎత్తి, ఆటోలో కూర్చోబెట్టి తెచ్చారు. ఆస్పత్రికి చేరేసరికి వేళ్ళు ఆడటం లేదు. ఎత్తటంవల్లే అలా అయిందని నేను ఖాయంగా చెప్పలేను. లోపలి వాపువల్ల కూడా కావచ్చు. ఆ తల్లికి ఈ మాట చెప్పి ఏం ప్రయోజనం? మీకు మాత్రం చెప్పి తీరాలి.

ఎత్తునుంచి పడినవారిని లేపి కూర్చోబెట్టకండి. నీళ్ళు తాగించకండి. 108కి ఫోను చేయండి. ఒకరు తలను రెండు చేతులతో మెడ కదలకుండా పట్టుకోండి. తప్పనిసరిగా కదపవలసివస్తే నలుగురు కలిసి, తల, మెడ, నడుము ఒకే వరుసలో ఉండేటట్టు, దుంగను దొర్లించినట్టు ఒక్కసారిగా దొర్లించి, ఒక తలుపు చెక్క మీదికి చేర్చండి. పడుకోబెట్టే తీసుకువెళ్ళండి.

తెగిన నరాన్ని మొలిపించే విద్య శాస్త్రజ్ఞులకు ఇంకా పూర్తిగా పట్టుబడలేదు. తెగని నరాన్ని తెగకుండా కాపాడే విద్య మాత్రం చెట్టు కింద నిలబడ్డ మీ చేతుల్లో ఉంది.