టెంట్ కంటే ముందు చాప

చలికాలం మొదలయ్యేసరికి పిల్లలున్న ఇళ్ళలో లంబసింగి, వంజంగి, అరకు పేర్లు వినబడతాయి. ఒక రాత్రి టెంట్‌లో పడుకుందామన్న సరదా పుట్టగానే వెతుకులాట టెంట్‌తోనే మొదలవుతుంది. ఎంతమంది పడతారు, వాన ఆపుతుందా, ఎంత తొందరగా విచ్చుకుంటుంది, ఫొటోలో ఎలా కనిపిస్తుంది అని చూస్తారు. అనుకున్న డబ్బులో ముప్పాతిక దానికే అయిపోతుంది. మిగిలినదానితో స్లీపింగ్ బ్యాగులు, ఇంకా మిగిలితే కింద పరుచుకోవడానికి ఏదో ఒకటి. ఈ వరుస పూర్తిగా తలకిందులుగా ఉంది. రాత్రి హాయిగా నిద్ర పట్టాలంటే మొదట చూసుకోవలసింది కింద పరిచేది, తర్వాత లోపల గాలి ఆడే దారి, ఆ తర్వాత పైన కప్పుకునేది. టెంట్ గుడ్డ వంతు అన్నిటికన్నా చివర వస్తుంది. పైగా మన కొండల మీద టెంట్ అద్దెకు దొరుకుతుంది కానీ మంచి పడక దొరుకుతుందన్న నమ్మకం లేదు. కాబట్టి ఇంటి నుంచి ఏం మోసుకెళ్ళాలన్న ప్రశ్నకు కూడా జవాబు ఇదే.

నిద్రపోతున్న పెద్దమనిషి ఒంట్లో పుట్టే వేడి 70, 80 వాట్లకు మించదు. రాత్రంతా మనకున్న ఆదాయం అంతే. అది పోయే దారులు నాలుగు: తాకినదానిలోకి వహనం, కదిలే గాలితో సంవహనం, ఆకాశం వైపు వికిరణం, ఊపిరితోనూ చర్మం మీద నుంచీ పోయే తేమ. నిలబడినప్పుడు నేలను తాకేది పాదాలే కాబట్టి వహనం లెక్కలోకి రాదు. పడుకోగానే వీపు, పిరుదులు, పిక్కలు కలిపి చదరపు మీటరులో మూడోవంతు దాకా నేలకు ఆనుకుంటాయి. కదలని గాలితో పోలిస్తే తడి మట్టి 40 రెట్లకు పైగా ఎక్కువ వేడిని లాగుతుంది. చర్మం 32 డిగ్రీలు, నేల 12 డిగ్రీలు అనుకుని, మధ్యలో ఒక టార్పాలిన్ పట్టా, ఒక పల్చటి రగ్గు ఉన్నాయనుకుని లెక్క వేస్తే కిందికి పోయే వేడి 80 వాట్ల దాకా తేలుతుంది. అంటే సంపాదన మొత్తం నేలకే. నిజానికి ఒంటి కింద మట్టి నెమ్మదిగా వేడెక్కుతుంది, తొడుక్కున్న బట్టలు కూడా కొంత అడ్డుపడతాయి, అందువల్ల ఇంత పోదు. కానీ అదే చోట వేలెడు మందం కూడా లేని ఒక మంచి ఫోమ్ మ్యాట్ వేస్తే ఆ లెక్క 20 వాట్లలోపుకు దిగిపోతుంది. పైన ఎన్ని దుప్పట్లు కప్పినా ఇంత తేడా రాదు. ఎందుకంటే పైనున్న దుప్పటి పొంగి, తనలో గాలిని పట్టి ఉంచుకుంటుంది. కిందిది మన బరువుకు నలిగి, ఆ గాలిని వదిలేస్తుంది. వేడిని ఆపేది గుడ్డ కాదు, గుడ్డలో చిక్కుకున్న గాలి.

మన తాతముత్తాతలు చాప మీద పడుకోలేదా అన్న అభ్యంతరం వెంటనే వస్తుంది. పడుకున్నారు, చాలావరకు మైదానాల్లో, ఇంటి కప్పు కింద. అక్కడ నేల రాత్రికి కూడా గోరువెచ్చగానే ఉంటుంది, ఏడాదిలో ఎక్కువ నెలలు ఆ కాస్త చల్లదనం కోసమే నేల మీదికి దిగేవాళ్ళు. ఇదే సూత్రం తిరగేసి చూడాలంటే నులక మంచం ఉంది. మే నెలలో వాకిట్లో నులక మంచం మీద నిద్ర హాయిగా ఉండటానికి కారణం అల్లిక సందుల్లోంచి వీపుకు గాలి తగలడమే. కాబట్టి నేలకు అంటకుండా పడుకుంటే చాలనుకుని మడత మంచాలు కొని కొండ మీదికి తీసుకెళ్ళేవాళ్ళు జనవరిలో ఆ వేసవి సుఖాన్నే అనుభవిస్తారు. మంచం వేసినా దాని మీద మ్యాట్ ఉండాల్సిందే. అడుగు ఎత్తున పొంగే గాలి పరుపుదీ ఇదే కథ. అంత గాలి ఉంది కదా, వెచ్చగా ఉంటుందనిపిస్తుంది. కానీ అంత పెద్ద ఖాళీలో గాలి ఊరుకోదు. ఒంటి దగ్గర వేడెక్కినది, నేల దగ్గర చల్లబడినది కలగలిసి తిరుగుతూ, వేడిని దిగువకు చేరవేస్తూనే ఉంటుంది. ఫోమ్‌లో ఉండే గాలి చిన్న చిన్న గదుల్లో బందీ. అందుకే అంగుళం మందం లేనిది, అడుగు మందం ఉన్నదాన్ని ఓడిస్తుంది.

ఇదంతా కాగితం మీది లెక్క అని కొట్టిపారేయకుండా ఉండటానికి మరో సాక్ష్యం ఉంది. స్లీపింగ్ బ్యాగ్ మీద ఉండే డిగ్రీల అంకె ఎలా వస్తుందో చూడండి. యూరప్‌లో మొదలై తర్వాత ఐఎస్‌ఓ 23537గా మారిన ప్రమాణం ప్రకారం, లోపల వేడి పుట్టించే మనిషి బొమ్మను బ్యాగులో పెట్టి చల్లని గదిలో కొలుస్తారు. ఆ బొమ్మకు లోదుస్తులు తొడుగుతారు, కింద మ్యాట్ వేస్తారు. అంటే 10 డిగ్రీల బ్యాగ్ అని రాసి ఉంటే, మ్యాట్ మీద పడుకున్నవాడికి 10 డిగ్రీలు అని అర్థం. మ్యాట్ లేకపోతే ఆ అంకెకు విలువ లేదు. ఇంకో చిక్కు కూడా ఉంది. చీటీ మీద సాధారణంగా మూడు అంకెలుంటాయి. కంఫర్ట్ అన్నది ఒక సగటు స్త్రీ చలి తెలియకుండా పడుకోగల ఉష్ణోగ్రత. లిమిట్ అన్నది సగటు పురుషుడు ముడుచుకుని పడుకుని నెట్టుకురాగలిగేది. ఎక్స్‌ట్రీమ్ అన్నది కొన్ని గంటల పాటు ప్రాణం నిలిచే హద్దు మాత్రమే. అమ్మేవాళ్ళలో కొందరు మూడో అంకెనే పెద్ద అక్షరాల్లో వేస్తారు. కుటుంబంతో వెళ్ళేవాళ్ళు మొదటి అంకె తప్ప ఇంకేదీ చూడనక్కర్లేదు. మ్యాట్‌లకు కూడా ఇలాంటి కొలత ఉంది, దాని పేరు ఆర్-విలువ. ఒక వేడి పలకకూ ఒక చల్లని పలకకూ మధ్య మ్యాట్‌ను పెట్టి, ఎంత వేడి దాటిందో కొలుస్తారు. 2018లో అమెరికాలో దీనికి ఉమ్మడి పద్ధతి ఏర్పడింది. అంతకుముందు ఏ కంపెనీ అంకె ఆ కంపెనీదే. మన కొండలకు ఆర్-విలువ 2 ఉంటే సరిపోతుంది. హిమాలయాల్లో మంచు మీద పడుకునేవాళ్ళకు 4, 5 కావాలి.

లంబసింగి హిమాలయం కాదు కదా, ఇంత సరంజామా ఎందుకు అనేవాళ్ళ మాటలో నిజం ఉంది, అది ఖర్చు తగ్గించే నిజం. కారులో వెళ్ళి ఒక రాత్రి పడుకునే కుటుంబానికి స్లీపింగ్ బ్యాగ్ తప్పనిసరి కాదు. బరువు మోస్తూ నడిచేవాళ్ళ కోసం పుట్టిన వస్తువు అది. ఇంట్లో ఉన్న మంచి రగ్గులు, బొంతలు, కంబళ్ళు చాలు, కింద ఫోమ్ మ్యాట్ ఉంటే. తడి పీల్చని, గదులు మూసి ఉన్న ఫోమ్ షీట్లు చవకగానే దొరుకుతాయి. ఒకటి పల్చగా అనిపిస్తే రెండు ఒకదానిమీదొకటి వేసుకోవచ్చు, వాటి నిరోధం కలుస్తుంది. దాని మీద బొంత పరిస్తే వీపుకు మెత్తదనం. బ్యాగే కొనాలనుకుంటే, ఈకల కంటే పాలిస్టర్ దూది నింపినది మేలు. బాతు ఈకలది తూకానికి ఎక్కువ వెచ్చగా ఉంటుందన్నది నిజమే. కానీ తడిస్తే ఉండలు కట్టి చప్పబడిపోతుంది, ఆరడానికి గంటలు పడుతుంది. తూర్పు కనుమల రాత్రుల్లో పొగమంచుకు కొదవ లేదు.

పిల్లల విషయం వేరే చెప్పుకోవాలి. బొమ్మతో కొలిచిన ఆ అంకెలన్నీ పెద్దవాళ్ళ శరీరం ఆధారంగా వేసినవి. బరువుతో పోలిస్తే పిల్లల ఒంటి వైశాల్యం ఎక్కువ కాబట్టి వాళ్ళు త్వరగా చల్లబడతారు. పెద్దవాళ్ళ బ్యాగులో ఏడేళ్ళ పిల్లను దూరిస్తే కాళ్ళ దగ్గర మిగిలిన ఖాళీని కూడా ఆ చిన్న ఒళ్ళే వేడి చేయాలి. ఆ కింది భాగాన్ని మడిచి అడుగున నెట్టేయడం తేలికైన ఉపాయం. అంతకన్నా తేలిక, తల్లిదండ్రుల మధ్య పడుకోబెట్టి అందరికీ కలిపి కప్పడం. ఏడాది లోపు పసివాళ్ళను మాత్రం బ్యాగులో గానీ బరువైన దుప్పట్ల కింద గానీ పెట్టకూడదు. ఊపిరాడకపోయే ప్రమాదం చలికన్నా పెద్దది.

ఇక గాలి సంగతి. తెల్లవారి లేచి చూస్తే టెంట్ లోపలివైపు తడిసి ఉంటుంది, దుప్పటి అంచులు చెమ్మగా తగులుతాయి, టెంట్ కారుతోందని అద్దెకిచ్చినవాడి మీద విరుచుకుపడతాం. చాలాసార్లు ఆ నీళ్ళు మనవే. ఊపిరి ద్వారా పెద్దమనిషి రోజుకు వదిలే నీరు 400 మిల్లీలీటర్ల వరకూ ఉంటుంది, చర్మం మీద నుంచి దాదాపు అంతే పోతుంది. ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు ఉన్న టెంట్‌లో ఊపిరి తేమ ఒక్కటే గంటకు 40 గ్రాములు అనుకుందాం. నలుగురు పట్టే టెంట్‌లో గాలి సుమారు 5 ఘనపు మీటర్లు. 5 డిగ్రీల చలిలో ఒక ఘనపు మీటరు గాలి 7 గ్రాములకు మించి ఆవిరిని పట్టలేదు, అంటే మొత్తం 35 గ్రాములు. అన్ని జిప్పులూ బిగించి పడుకుంటే ఒక గంటలో ఆ కోటా నిండిపోతుంది. మిగతా రాత్రి మనం వదిలే ప్రతి ఊపిరీ గుడ్డ మీద నీరై చేరాల్సిందే.

ఆ గుడ్డ గాలికన్నా చల్లగా ఉండటం దీనికి మరింత తోడవుతుంది. లండన్‌లో వైద్యుడిగా పనిచేసిన విలియం చార్లెస్ వెల్స్ 1814లో మంచు బిందువుల మీద ఒక పుస్తకం ప్రచురించాడు. రాత్రిపూట గడ్డి మీదా గాలిలోనూ థర్మామీటర్లు పెట్టి చూసి, మంచు పడినందువల్ల గడ్డి చల్లబడటం లేదనీ, గడ్డి ముందే చల్లబడటం వల్లనే మంచు పడుతోందనీ చూపాడు. మబ్బులేని రాత్రి నేల మీది ప్రతి వస్తువూ తన వేడిని ఆకాశంలోకి వికిరణం చేస్తూ చుట్టూ ఉన్న గాలికన్నా చల్లబడుతుంది. పైన మబ్బు గానీ చెట్టు కొమ్మలు గానీ ఉంటే ఆ వేడిలో కొంత తిరిగి వస్తుంది. టెంట్ గుడ్డ కూడా వెల్స్ చూసిన గడ్డి లాంటిదే. చుక్కలు బాగా కనిపించే రాత్రి టెంట్ ఎక్కువ తడుస్తుంది. చెట్టు నీడ అంచున వేసుకుంటే తేడా తెలుస్తుంది, ఎండిన కొమ్మలు నెత్తిన లేకుండా చూసుకోవాలి.

టెంట్ ఎంపిక ఇక్కడి నుంచి దానంతటదే తేలిపోతుంది. లోపల జాలీ, బయట వేరే కప్పు ఉన్న రెండు పొరల టెంట్ కావాలి. తేమ జాలీ దాటిపోయి బయటి పొర మీద నీరవుతుంది, మన మీద పడదు. ఒకే పొర ఉన్న చవక టెంట్లు పగటి నీడకు పనికొస్తాయి. పైభాగంలో ఒకటి, నేలకు దగ్గరగా ఒకటి గాలి కిటికీలుండాలి, వాటిని రాత్రంతా తెరిచే ఉంచాలి. నలుగురికి అని రాసి ఉన్న టెంట్ అంటే భుజానికి భుజం ఆనించి నాలుగు మ్యాట్‌లు పరిస్తే పడతాయని మాత్రమే, సంచీలకు చోటు ఉండదు. నలుగురున్న ఇంటికి ఆరుగురి టెంట్ తీసుకోవడం దుబారా కాదు. వాన నిరోధాన్ని మిల్లీమీటర్లలో చెబుతారు. గుడ్డ మీద అంత ఎత్తు నీటి స్తంభం నిలబెడితే అప్పుడు కారడం మొదలవుతుందని దాని అర్థం. 1500 ఉన్నది మామూలు వానకు చాలు, కాళ్ళూ మోకాళ్ళూ ఒత్తే అడుగు గుడ్డకు అంతకన్నా ఎక్కువ ఉండాలి. 5000 అంకె చూసి పొంగిపోవాల్సిన పని లేదు. కుండపోత వానలో పిల్లలతో టెంట్‌లో ఉండాలన్న ఆలోచనే తప్పు.

టెంట్‌కు ఇంత తక్కువ విలువ కడితే దోమలు, గాలి సంగతేమిటని ఎవరైనా అడిగితే ఆ ప్రశ్న సబబైనదే. పాడేరు ఏజెన్సీ మలేరియాకు పేరుపడ్డ ప్రాంతం. అద్దె టెంట్ తీసుకునేటప్పుడు జాలీకి చిరుగులున్నాయా, జిప్పు చివరిదాకా పడుతుందా అన్నది రంగు, ఆకారం కన్నా ముందు చూడాలి. గాలి ఒంటి చుట్టూ ఉన్న వెచ్చని పొరను ఊడ్చుకుపోతుంది, దాన్ని ఆపడం టెంట్ బాగా చేసే పని. వేడిని నిలపడం మాత్రం దానికి చేతకాదు. పల్చటి పాలిస్టర్ గుడ్డ వెనక లోపలి గాలి బయటికన్నా కొద్ది డిగ్రీలే వెచ్చగా ఉంటుంది. ఆ కొద్ది కోసం కిటికీలన్నీ మూసేవాళ్ళు తడి దుప్పట్లు కొని తెచ్చుకున్నట్టే. కొందరు ఇంకో అడుగు ముందుకేసి కుంపటి నిప్పులో, గ్యాస్ పొయ్యో లోపలికి తెస్తారు. దీనిలో వాదనకు తావు లేదు. బొగ్గు అరకొరగా కాలినప్పుడు వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన ఉండవు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. నిద్రలో ఉన్నవాళ్ళకు తలనొప్పి కూడా తెలియకుండానే ప్రాణం పోతుంది. ఆరినట్టు కనిపించే నిప్పులైనా సరే, బయటే ఉండాలి. చలి ఆగకపోతే మూత గట్టిగా బిగించిన సీసాలో వేడినీళ్ళు పోసి, గుడ్డ చుట్టి కాళ్ళ దగ్గర పెట్టుకోవచ్చు.

వేసే చోటు గురించి రెండు మాటలు. లంబసింగి సముద్రమట్టానికి సుమారు 1000 మీటర్ల ఎత్తున ఉంది. ఎత్తు పెరిగే కొద్దీ కిలోమీటరుకు సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతాయి. విశాఖపట్నంలో 18 డిగ్రీలున్న రాత్రి ఆ లెక్కన లంబసింగిలో 11, 12 ఉండాలి. కానీ కొన్ని జనవరి తెల్లవారుజాముల్లో అక్కడ పాదరసం సున్నా దగ్గరికి దిగుతుంది. ఆ మిగతా చలి ఎత్తు వల్ల వచ్చింది కాదు. నిర్మలమైన ఆకాశం కింద కొండవాలు చల్లబడి, దానికి ఆనుకున్న గాలి బరువెక్కి, వాలు వెంట జారి పల్లంలో నిలుస్తుంది. గాలి వీచని రాత్రి అది తెల్లారేదాకా కదలదు. చదునుగా, గడ్డితో, వాగు పక్కన, టెంట్ కోసమే చేసినట్టు కనిపించే జాగాలు చాలాసార్లు ఆ చలి చేరే చోట్లే. అక్కడి నుంచి వాలు మీద కొన్ని పదుల మీటర్లు పైకి వెళ్ళి, ఏటవాలు తక్కువగా ఉన్న గట్టు చూసుకుంటే రెండు మూడు డిగ్రీలు కలిసివస్తాయి. సాయంత్రం పొద్దు వాలకముందే చేరితే ఆ జాగా వెతుక్కునే వెలుతురు ఉంటుంది.